పోగుకన్నా సన్నని మందు



ఈ నెల మేము వ్రాస్తున్న ఈ సంగతి ఒక అప్పు తీర్చుకొనుటకే. అది డబ్బు అప్పు కాదు, మాట అప్పు.

సిరిసిల్లలో మాకు బాగా తెలిసిన ఒక కుటుంబమున్నది. ఆయన సాంచాల మీద పని చేస్తాడు. ఆమె ఇంటిలో కూర్చుండి బీడీలు చుడుతుంది. ఆమె పుట్టిల్లు కోరుట్ల దగ్గర ఒక పల్లె. అక్కడ ఆమె అన్న ఎకరమున్నర భూమిలో పసుపు వేస్తాడు. రెండేళ్ల క్రిందట ఆ అక్కకు రొమ్ములో చిన్న గడ్డ కనబడింది. నొప్పి లేదు గనుక ఎవరికీ చెప్పలేదు. ఇంతలో సంచి భుజాన వేసుకొని ఒక మనిషి ఆ వాడకు వచ్చాడు. అతని దగ్గర చిన్న చిన్న సీసాలున్నవి. ఒకటి "నానో బంగారు చుక్కలు", ఇంకొకటి "నానో పసుపు". సీసా ఆరు వేలు. ఏడు సీసాలు వాడితే గడ్డ కరిగిపోతుందన్నాడు.

ఆ కుటుంబము కొనే ముందు మమ్మును అడిగింది. "అయ్యగారూ, గీ నానో మందు మంచిదేనా?" అని. మేము ఏమన్నాము? నానో అంటే ఏమిటో మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు మొగమాటము. "పసుపే కదా, వాడి చూడండి. మేము ప్రార్థన చేస్తాము" అన్నాము. ఏడు సీసాలకు నలభై రెండు వేలు పోయినవి. దానికన్నా విలువైన నాలుగు నెలలు పోయినవి. గడ్డ కరుగలేదు, పెరిగింది.

తరువాత ఆ అక్కను హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్లినప్పుడు మేము కూడా వెంట వెళ్లాము. అక్కడ వరండాలో మళ్లీ అదే మాట వినబడింది. పక్క మంచము వారికి ఏదో "లైపోసోమల్" మందు ఎక్కిస్తున్నారట, అది నానో మందట, చాలా ఖరీదట. ఆమె అన్న మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, గా మందు కావాల్నంటే ఎకరమున్నర అమ్మేస్త. చెప్పుండ్రి, అమ్మాల్నా?" అన్నాడు. రెండవసారి కూడా మా దగ్గర జవాబు లేదు.

ఆ దినమున ఒకటి తీర్మానించుకొన్నాము. తెలిసినవారిని అడిగి, చదివి, ఈ నానో వైద్యమంటే ఏమిటో మేము ముందు నేర్చుకోవాలి. నేర్చుకొన్నది మీకు చెప్పాలి. ఒకే మాట ఆసుపత్రిలోనూ వినబడుతున్నది, సీసాలవాని నోటనూ వినబడుతున్నది. రెండింటికీ తేడా తెలియకపోతే ఇల్లు గుల్ల అవుతుంది.

నానో అంటే ఎంత?

మన పల్లెలలో ఈ మాట మొదట టాటావారి చిన్న కారుతో వచ్చింది. తరువాత 2021లో ఇఫ్కోవారి నానో యూరియా సీసాతో పొలాలకు చేరింది. గ్రీకు భాషలో ఆ మాటకు మూలమైన పదమునకు మరుగుజ్జు అని అర్థము. విజ్ఞాన శాస్త్రములో అది ఒక కొలత. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక్క భాగము ఒక నానోమీటరు.

సిరిసిల్లవారికి పోగు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు అది. ఆ పోగులోని ఒక్క ప్రత్తి పీచు తీసుకొనండి. దాని వెడల్పు సుమారు 12 వేల నుండి 20 వేల నానోమీటర్లు. మన తల వెంట్రుక సుమారు 80 వేల నుండి లక్ష. మన రక్తములోని ఎర్ర కణము ఏడెనిమిది వేలు. ప్రపంచమంతటిని ఇండ్లలో కూర్చుండబెట్టిన కరోనా క్రిమి దాదాపు నూరు. మన ప్రాణపు వ్రాత అంతా ఉన్న డి.ఎన్.ఏ. దారము వెడల్పు కేవలము రెండు నానోమీటర్లు. సాధారణముగా ఒకటి నుండి నూరు నానోమీటర్ల మధ్య ఉండే వాటితో చేసే పనిని నానో సాంకేతికత అంటారు. మందుల విషయములో నూరు దాటినవి కూడా కొన్ని ఈ లెక్కలోకి వస్తవి.

చిన్నదైతే ఏమి లాభము?

ఒక లెక్క చెప్తాము. పిల్లలతో కూడా చేయించండి. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల ఒక పలుకు ఉన్నదనుకొనండి. దానికి ఆరు ముఖాలు, అంటే ఆరు చదరపు సెంటీమీటర్ల పైతలము. దానినే ఒక్కొక్క నానోమీటరు పలుకులుగా కోయగలిగితే వాటి పైతలములన్నీ కలిపి ఎంత అవుతుంది? ఆరు వేల చదరపు మీటర్లు. అంటే దాదాపు ఎకరమున్నర! ఆ అన్న అమ్ముతానన్న భూమి అంత. వస్తువు అంతే, బరువు అంతే. కాని నీటితో, రక్తముతో, కణముతో తగిలే చోటు మాత్రము వేలి కొనంత నుండి పొలమంత అవుతుంది. అందుచేత నీటిలో కరగని మందు కూడా ఒంటికి పట్టే అవకాశము పెరుగుతుంది.

రెండవ లాభము, గుణము మారుట. బంగారము పచ్చగా ఉంటుంది. కాని దానిని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులు చేస్తే నీటిలో ఎర్రగా కనబడుతుంది. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అను శాస్త్రవేత్త 1857లోనే ఈ ఎర్ర బంగారపు నీటిని పరిశోధించాడు.

మూడవ లాభము, మందును ఒక గూటిలో పెట్టి పంపగలుగుట. దారిలో అది పాడు కాకుండా, దారిలోని వారిని పాడు చేయకుండా చేరవలసిన చోటికి చేర్చుట. నేటి పరిశోధనలో ఎక్కువ భాగము ఈ మూడవదాని మీదనే.

ఆశా అక్క సంచిలో నానో

ఇదంతా అమెరికా సంగతి అనుకోకండి. గర్భము ఉన్నదో లేదో చూసే స్ట్రిప్పు మీద ఎర్ర గీత వస్తుంది కదా? చాలా స్ట్రిప్పులలో ఆ ఎరుపు పైన చెప్పిన బంగారపు రేణువులదే. కరోనా కాలములో ముక్కులో పుల్ల పెట్టి పదిహేను నిమిషములలో ఫలితము చెప్పిన పరీక్షలో కూడా, మలేరియా పరీక్షలో కూడా సాధారణముగా ఇదే పద్ధతి. నిజమైన నానో బంగారము ఆరు వేల సీసాలో లేదు. ఆశా అక్క సంచిలోని స్ట్రిప్పులో ఉన్నది. అది రోగమును నయము చేయదు, కనిపెట్టుటకు సహాయము చేస్తుంది.

ఇంకొకటి. గర్భిణీ స్త్రీలకు రక్తము బాగా తక్కువైతే ఆసుపత్రిలో ఐరన్ సుక్రోజ్ అను మందును సెలైనుతో ఎక్కిస్తారు. ఇనుమును నేరుగా రక్తములోకి ఎక్కిస్తే విషమవుతుంది. అందుచేత ఇనుప రేణువు చుట్టూ చక్కెర జాతి పదార్థమును చుట్టి, నానోమీటర్ల కొలతలో తయారు చేస్తారు. ఇనుము మెల్లమెల్లగా విడుదలవుతుంది. మన తల్లులు, చెల్లెండ్లు ఎందరో పేరు తెలియకుండానే నానో వైద్యము పొందినవారే.

క్రొవ్వు బుడగలో మందు

క్యాన్సరు మందుల కథలో మన తెలుగువాడు ఒకడున్నాడు. భీమవరములో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన బృందము తయారు చేసిన అమినోప్టెరిన్ అను మందుతోనే, రక్త క్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు కొంత కాలమైనా ఉపశమనము కలుగునని 1948లో సిడ్నీ ఫార్బర్ లోకానికి చూపించాడు. అప్పటి నుండి మందులు చాలా వచ్చినవి. కాని వాటికి ఒక కష్టమున్నది. అవి క్యాన్సరు కణమును, మంచి కణమును బాగా వేరు చేయలేవు. కలుపు మందు పొలమంతా చల్లినట్టే. అందుకే జుట్టు రాలుట, వాంతులు, నోటి పుండ్లు. డాక్సోరుబిసిన్ అను మందు మోతాదు పెరిగిన కొలది గుండెను కూడా దెబ్బ తీయవచ్చును.

1960లలో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ అను శాస్త్రవేత్త ఒక విచిత్రము గమనించాడు. కణముల పొరలో ఉండే క్రొవ్వు పదార్థమును నీటిలో కలిపితే అది తనంతట తానే సన్నని బుడగలుగా చుట్టుకొంటుంది. లోపల నీరు, చుట్టూ క్రొవ్వు పొర. ఈ బుడగకే లైపోసోమ్ అని పేరు. ఆ లోపలి నీటిలో మందు పెడితే? ఈ ప్రశ్నకు జవాబు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయపు బారెన్‌హోల్జ్ మొదలైనవారి శ్రమతో డాక్సోరుబిసిన్‌ను లైపోసోములో పెట్టిన డాక్సిల్ అను మందు తయారైంది. 1995లో అమెరికా ప్రభుత్వపు ఎఫ్.డి.ఏ. దానికి అనుమతి ఇచ్చింది. ఆ సంస్థ అనుమతి పొందిన మొదటి నానో మందు అదే. బుడగ కొలత సుమారు 80 నుండి 100 నానోమీటర్లు. గుండెకు హాని తగ్గింది. అయితే అరిచేతులు, అరికాళ్లు ఎర్రబారి మండుట అను కొత్త ఇబ్బంది వచ్చింది. 2012లో అమెరికాలో ఈ మందు కరువైనప్పుడు మన దేశపు సన్ ఫార్మావారి లైపోడాక్స్‌ను తెప్పించుకొనుటకు వారు అనుమతించారు.

2005లో మరొకటి వచ్చింది. ప్యాక్లిటాక్సెల్ అను మందు నీటిలో కరగదు. ఆముదము నుండి చేసిన ఒక ద్రావకములో కలిపి ఎక్కించేవారు. ఆ ద్రావకము కొందరికి పడక ఊపిరి ఆడేది కాదు. అందుకు బదులుగా మన రక్తములో ఉండే ఆల్బుమిన్ అను మాంసకృత్తుతో కలిపి సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. ఆ ద్రావకము అవసరమే పోయింది.

గమనించండి. ఈ రెండింటిలో మందు పాతదే. బండి మాత్రమే కొత్తది. నానో అనగానే కొత్త ప్రాణము పోసే మందు అనుకొనుట పొరపాటు. చాలాసార్లు అది పాత మందును కొంచెము తక్కువ బాధతో చేర్చే ఉపాయము.

నూటికి ఒక్క పాలైనా చేరుట లేదు

1986లో జపానులో మాయెదా, మత్సుమురా అను శాస్త్రవేత్తలు ఒక ఆశ కలిగించిన మాట చెప్పారు. క్యాన్సరు గడ్డలోని రక్తనాళాలు తొందర తొందరగా పెరిగినవి గనుక వాటి గోడలు వదులుగా, సందులు సందులుగా ఉంటవి. నానో రేణువులు ఆ సందులలో నుండి జారి గడ్డలో నిలిచిపోతవి అని. దీనిమీద వేలాది పరిశోధనలు జరిగినవి.

2016లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయములో వారెన్ చాన్ గారి బృందము పదేళ్ల పరిశోధన పత్రాలన్నీ ముందు పెట్టుకొని లెక్క కట్టింది. సూదితో ఎక్కించిన రేణువులలో గడ్డకు చేరుతున్నది ఎంత? నడిమి లెక్క నూటికి 0.7 మాత్రమే! అంటే వేయి రేణువులు పంపితే ఏడు. మిగతావాటిలో ఎక్కువ భాగమును కాలేయము, ప్లీహము పట్టుకొంటవి. శరీరమును కాపాడుటకు పెట్టబడిన కావలివారు అవి. వచ్చినది మిత్రుడో శత్రువో వాటికి తెలియదు. 2020లో అదే బృందము ఇంకొక సంగతి చెప్పింది. చేరిన కొద్ది రేణువులు కూడా ఎక్కువగా సందులలో నుండి కాదు, నాళపు గోడలోని కణములే వాటిని మోసుకొని లోపలికి తీసుకొనిపోతున్నవని.

ఆశ పెట్టుకొన్న చోట లెక్క తప్పితే ఆ తప్పును వారే బయట పెట్టారు. సీసాలవాడు ఎన్నడూ ఇట్లా చెప్పడు. వాని మందు నూటికి నూరు చేరుతుంది! ఎవరు తమ లోపమును తామే కొలిచి చెప్తారో వారి మాట వినదగినదని మేము ఇక్కడ నేర్చుకొన్నాము.

ఇప్పుడు పరిశోధన మూడు దారులలో నడుస్తున్నది. క్యాన్సరు కణమును గుర్తుపట్టే తాళపు చెవి వంటి అణువులను రేణువు మీద అతికించుట ఒకటి. రేణువును నేరుగా గడ్డలోనికే సూదితో ఎక్కించి, బయట నుండి అయస్కాంత క్షేత్రముతోనో రేడియేషనుతోనో పని చేయించుట రెండవది. మెదడు గడ్డకు ఇనుప ఆక్సైడు రేణువులను వేడెక్కించే చికిత్సకు 2010లో ఐరోపాలో అనుమతి వచ్చింది. మూడవది, ఎట్లాగూ రేణువులు కాలేయానికే పోతున్నవి గనుక కాలేయపు జబ్బులకే వాటిని వాడుట. ఈ మూడవ దారి బాగా ఫలించింది.

టీకాలు, జన్యువులు

2018లో పాటిసిరాన్ అను మందుకు అనుమతి వచ్చింది. నరాలను కృశింపజేసే ఒక అరుదైన వంశపారంపర్య జబ్బుకు కారణమైన మాంసకృత్తు కాలేయములోనే తయారవుతుంది. దానిని ఆపే సందేశమును క్రొవ్వు రేణువులో పెట్టి పంపుతారు. ఇదే క్రొవ్వు రేణువు 2020 డిసెంబరులో లోకమంతటికీ తెలిసింది. ఫైజరు, మోడర్నా కరోనా టీకాలలో ఎం-ఆర్.ఎన్.ఏ. అను సున్నితమైన దారమును కాపాడి కణములోనికి చేర్చినది అదే. ఎం-ఆర్.ఎన్.ఏ. పని చేయునట్లు మార్పు కనిపెట్టిన కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ బహుమానము లభించింది.

మన పల్లెలలో చాలామంది వేయించుకొన్న కోవిషీల్డు, కోవాగ్జిన్ ఈ జాతివి కావు. కాని మన దేశములోనూ పని జరుగుతున్నది. పూణేలోని జెన్నోవావారి ఎం-ఆర్.ఎన్.ఏ. టీకాకు 2022 జూనులో అత్యవసర అనుమతి వచ్చింది. అదే సంవత్సరము మే నెలలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. తాము స్వంతముగా ఇట్టి టీకా విధానమును రూపొందించి ఎలుకలలో పరీక్షించినట్లు ప్రకటించింది. క్షయ, డెంగీ, మలేరియాలకు కూడా ఈ విధానము ఉపయోగపడవచ్చునని వారి ఆశ.

2025లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన సంగతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఒక పసిబిడ్డ కాలేయములో ఒక్క అక్షరము తప్పు ఉన్నందున ఒంటిలో విషము పేరుకొనే జబ్బుతో పుట్టాడు. ఆ ఒక్క బిడ్డ కోసమే ఆ అక్షరమును దిద్దే మందును ఆరు నెలలలో తయారు చేసి, క్రొవ్వు రేణువులలో పెట్టి ఎక్కించారు. బిడ్డ కోలుకొని ఇంటికి వెళ్లాడు. ఇది ఒక్క బిడ్డ కథ. ఇంకా ఎందరికో దారి దూరమే. కాని దారి ఉన్నదని తెలిసింది.

నల్ల ఫంగస్ నేర్పిన పాఠము

2021 మే నెల ఎవరు మరచిపోగలరు? కరోనా తగ్గినదనుకొన్న వారికి కన్ను వాచి, ముఖము నల్లబడి, హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రి ముందు వరుసలు కట్టారు. దానికి మందు ఆంఫోటెరిసిన్. 1950ల నాటిదే. కాని మామూలు రూపములో అది మూత్రపిండములను దెబ్బ తీస్తుంది. లైపోసోములో పెట్టినదైతే ఆ హాని చాలా తగ్గుతుంది. అంతకు ముందే కాశీ హిందూ విశ్వవిద్యాలయపు డాక్టరు శ్యామ్ సుందర్ గారి బృందము బీహారులో కాలా అజార్ రోగులకు ఈ లైపోసోము మందును ఒకే ఒక్కసారి ఎక్కించి నూటికి 95 మందికి పైగా నయమైనట్లు 2010లో చూపించింది. నెల రోజులు ఆసుపత్రిలో పడి ఉండవలసిన కూలివాడు ఒక్క దినములో ఇంటికి వెళ్లగలుగుట చిన్న మేలు కాదు.

అయితే 2021లో ఆ సీసాలు దొరకలేదు. డబ్బున్నవారు కూడా చేతులు నలుపుకొన్నారు. ఆ దినములలోనే సంగారెడ్డి దగ్గర కంది గ్రామములోని ఐ.ఐ.టి. హైదరాబాదువారు ఒక మాట చెప్పారు. సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మ అను అధ్యాపకుల బృందము ఆంఫోటెరిసిన్‌ను నానో పీచులలో ఇమిడ్చి, నోటితో మింగే మాత్రగా చేసింది. 60 మిల్లీగ్రాముల మాత్ర సుమారు 200 రూపాయలు కాగలదని, ఈ విధానము మీద పేటెంటు హక్కు పెట్టుకోక ఎవరు తయారు చేసినా ఇస్తామని ప్రకటించారు. సన్నని పోగు లాగి దానిలో మందు పొదుగుట, మన నేతన్నలకు అర్థమయ్యే పని! సూది, సెలైను, ఆసుపత్రి మంచము లేకుండా మాత్రతో పని జరిగితే మేలు ఎక్కువగా మనవంటి ఊళ్లకే. అయితే ప్రయోగశాల నుండి మందుల దుకాణము వరకు మనుషులలో పరీక్షలు, అనుమతులు అను పెద్ద వాగు దాటవలసి ఉంటుంది.

ఇక్కడ మాకు డిచ్‌పల్లి గుర్తుకు వచ్చింది. నర్సాగౌడ్ గారి విరాళము సహాయముతో డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి తెరచారు. అప్పటి మందు చాల్మోగ్రా జాతి గింజల నూనె. తాగితే కడుపులో నిలువదు, సూదితో వేస్తే భరించలేని నొప్పి. అయినా రోగులు ఓర్చుకొన్నారు. నేడు కుష్ఠు మాత్రలతో నయమవుతున్నది. మందు ఉండుట ఒకటి, అది మనిషికి సుఖముగా చేరుట మరొకటి. ఈ రెండవదాని కోసము నూరేళ్లుగా శ్రమ జరుగుతూనే ఉన్నది.

మన పసుపు సంగతి

ఇప్పుడు ఆ రెండవ సీసా దగ్గరకు వద్దాము. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాదు ప్రాంతము పసుపుకు పుట్టిల్లు వంటిది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రమున్నది. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. పుండు మీద పసుపు పెట్టుట మన అవ్వలకు తెలిసిన పని. దానినే కొత్తగా కనిపెట్టినట్లు 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రమువారు పేటెంటు పొందితే, మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పాత గ్రంథములను సాక్ష్యముగా చూపి 1997లో దానిని రద్దు చేయించింది.

పసుపులో కర్కుమిన్ అను పదార్థము నూటికి రెండు నుండి ఐదు పాళ్ల వరకు ఉంటుంది. గాజు గిన్నెలో పెంచిన క్యాన్సరు కణముల మీద అది చాలా ప్రభావము చూపిస్తుంది. కాని మనిషి మింగితే అది నీటిలో కరగదు, పేగులో కొంచెమే పీల్చుకోబడుతుంది, ఆ కొంచెమును కాలేయము త్వరగా మార్చివేస్తుంది. అందుకే దానిని నానో రేణువులుగా చేసి రక్తములోకి ఎక్కువ చేర్చాలని ఎన్నో దేశాలలో పరిశోధన జరుగుతున్నది. రక్తములోకి చేరే పరిమాణము నిజముగానే పెరిగింది. అయితే జబ్బు నయమవుతున్నదా? 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష, మనుషులలో నూటికి పైగా జరిగిన కర్కుమిన్ పరీక్షలను చూసి, గట్టి పద్ధతిలో జరిగిన ఏ పరీక్షలోనూ అది నెగ్గలేదని తేల్చింది. క్యాన్సరుకు మందుగా ఎఫ్.డి.ఏ. దానికి అనుమతి ఇవ్వలేదు. పైగా ఎక్కువ మోతాదు కర్కుమిన్ గోలీలతో కొందరికి కాలేయము దెబ్బ తిన్నది.

పసుపు పండించే రైతుకు ఈ మాట చేదుగా ఉండవచ్చును. కాని మన పంట మీద ప్రేమ చేత దానికి లేని గుణము అంటగట్టరాదు.

భయపడవలసినది ఏమైనా ఉన్నదా?

ఉన్నది. చిన్నదైనంత మాత్రాన మంచిది కాదు. 2008లో జరిగిన ఒక పరిశోధనలో, పొడవైన కర్బన నానో గొట్టాలను ఎలుకల కడుపు పొరలోకి ఎక్కిస్తే రాతినార అనబడే ఆస్బెస్టాస్ చేసిన హాని వంటిదే కనబడింది. ప్రత్తి దుమ్ము పీల్చి దగ్గే సాంచాల కార్మికులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కంటికి కనబడని ధూళి ఊపిరితిత్తులకు ఏమి చేయగలదో వారికి తెలుసు. అందుకే నానో మందులను ఎట్లా పరీక్షించాలో, ఏ వివరాలు చూపాలో చెప్పే మార్గదర్శక సూత్రములను మన కేంద్ర ప్రభుత్వము 2019 అక్టోబరులో విడుదల చేసింది. మామూలు మందు సురక్షితమైనంత మాత్రాన దాని నానో రూపము కూడా సురక్షితమని అనుకోరాదు. దానిని మళ్లీ పరీక్షించాలి.

ఇంటి పెద్దలకు నాలుగు మాటలు

మొదటిది. రొమ్ములో గడ్డ, నోటిలో మానని పుండు, అకారణ రక్తస్రావము, మూడు వారములు దాటిన దగ్గు కనబడితే నొప్పి లేకపోయినా ఆలస్యము చేయకండి. 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితము. జగిత్యాలలో 2022 నుండి, సిరిసిల్లలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి. హైదరాబాదులో ఎం.ఎన్.జే. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది.

రెండవది. క్యాన్సరును నయము చేస్తామని ప్రకటన చేయుటయే మన దేశములో నేరము. 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టము అట్లా చెప్పుచున్నది. కాబట్టి కరపత్రములో ఆ మాట కనబడితే అక్కడనే ఆగిపొండి.

మూడవది. ఆసుపత్రిలో ఖరీదైన నానో మందు పేరు వినబడితే వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి. "మామూలు మందుకన్నా ఇది మావారికి ఏమి ఎక్కువ మేలు చేస్తుంది? ఆయుష్షు పెంచుతుందా, బాధ తగ్గిస్తుందా? ఆరోగ్యశ్రీలో వస్తుందా?" అడుగుట అమర్యాద కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది.

నాలుగవది మావంటి సేవకులకు. తెలియనిది తెలియదని చెప్పుదము. ప్రార్థన చేయుదము, అదే దినమున వైద్యుని యొద్దకు కూడా పంపుదము. ఒకటి చేసి రెండవది మానుకొనుట విశ్వాసము కాదు, బద్ధకము.

ఎకరమున్నర ఏమైంది?

ఆ దినమున వరండాలో జవాబు లేక నిలిచినప్పుడు మేము ఆ అన్నను తీసుకొని డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాము. ఆమె ఓపికగా చెప్పింది. "ఈమె గుండె పరీక్ష బాగున్నది. ఈమె జబ్బుకు మామూలు డాక్సోరుబిసినే సరిపోతుంది. ఆ లైపోసోమల్ మందు గుండె బలహీనముగా ఉన్నవారికి, జబ్బు మళ్లీ వచ్చినవారిలో కొందరికి వాడుతాము. దాని కోసము మీరు భూమి అమ్మనక్కరలేదు." తరువాత తల వంచి కాగితములు చూస్తూ, "నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే గడ్డ ఇంకా చిన్నగా ఉండేది" అన్నది. ఆ మాట అన్నకు చెప్పినట్లున్నది. కాని అది మాకు తగిలింది.

ఎనిమిది విడతల మందు అయింది. ఆపరేషన్ అయింది. రేడియేషన్ అయింది. ఇంకా ప్రతి కొన్ని నెలలకు చూపించుకొంటున్నది. రాబోయే ఏళ్ల సంగతి ఎవరూ మాట ఇవ్వలేరు. జుట్టు మళ్లీ వచ్చింది. బీడీల పని మానిపించారు.

భూమి అమ్మలేదు. ఈ యేడు కూడా అక్కడ పసుపు ఉడికించారు. మొన్న ఆ అక్క ఒక చిన్న సంచిలో పసుపు పొడి తెచ్చి మా ఇంటిలో ఇచ్చింది. మేము సంచి అందుకొంటుంటే నవ్వి అన్నది:

"కూరల వేసుకోండ్రి అయ్యగారూ. మందని మాత్రం ఎవ్వలకు చెప్పకుండ్రి."

చెప్పము అక్కా. అందుకే ఇదంతా వ్రాశాము.